ఎన్‌ఈఎం ఆపింది, డీటీఎన్‌బీ ఆపలేదు: త్వచ ప్రోటీన్‌లోని థయాల్ గురించి దీన్నిబట్టి ఏం చెప్పవచ్చు?

లక్నవరం
(పరిశోధక విద్యార్థిని, హనుమకొండ)

అందరికీ నమస్కారం. మానవ ఎర్రరక్తకణాల త్వచంలో గ్లూకోజ్‌ను దాటించే గ్లట్-1 ప్రోటీన్ మీద థయాల్ కారకాలు (సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని –SH సమూహంతో, అంటే థయాల్‌తో, చర్య జరిపేవి) ఎలా పనిచేస్తాయన్నది నా పరిశోధనాంశం. కణాల్లో ముందుగా గ్లూకోజ్ నింపి, గ్లూకోజ్ తక్కువగా ఉన్న బఫర్‌లోకి మార్చి, గ్లూకోజ్ బయటికి పోయేకొద్దీ కణాలు కుంచించుకుపోవడాన్ని కలరీమీటర్‌లో కాంతి మార్పుగా చూసే సెన్, విడాస్‌ల పాత పద్ధతినే వాడుతున్నాను. పది శాతం కణాలున్న సస్పెన్షన్‌కు ఎన్-ఈథైల్ మాలిమైడ్, అంటే ఎన్‌ఈఎం, 1 మిల్లీమోలార్ గాఢతలో కలిపితే గ్లూకోజ్ బయటికి రావడం బాగా మందగించింది. ఎల్‌మన్ కారకమైన డీటీఎన్‌బీని అదే గాఢతలో అంతే సేపు ఉంచితే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

దీని మీద ఫలితాల అధ్యాయంలో రెండు వాక్యాలు రాసుకున్నాను. గ్లట్-1 పనికి ఒక సిస్టీన్ థయాల్ అత్యవసరమన్నది మొదటిది. డీటీఎన్‌బీ త్వచాన్ని దాటలేదు కాబట్టి ఆ థయాల్ కణం లోపలి వైపున ఉందన్నది రెండోది. మా గైడ్ గారు ఈ రెండు వాక్యాలకూ ఆధారాన్ని విడివిడిగా చూపించమన్నారు. ఉన్న ఆధారం రెండింటికీ ఒకటే అయినప్పుడు ఎలా విడదీయాలో తోచడం లేదు. పెద్దలు దారి చూపగలరు.

పాకాల
(విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్)

అమ్మా, మీ గైడ్ అడిగిన ప్రశ్న చాలా సరైనది. మొదటి వాక్యం గురించే ముందు మాట్లాడతాను, ఎందుకంటే ఈ రంగంలో దాని చరిత్ర పెద్దది.

ఈ.కోలై బ్యాక్టీరియాలో లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే పర్మియేజ్‌ను మొదటిసారి ప్రోటీన్‌గా గుర్తించింది ఎన్‌ఈఎం సాయంతోనే. 1965లో ఫాక్స్, కెనడీ చేసిన ప్రయోగం అది. వాళ్లు ముందుగా థయోడైగెలాక్టోసైడ్ అనే చక్కెరను ఇచ్చి పర్మియేజ్‌లోని థయాల్‌ను కాపాడారు. ఆ స్థితిలో మామూలు ఎన్‌ఈఎం పోసి త్వచంలోని తతిమ్మా థయాల్‌లన్నిటినీ కప్పేశారు. తర్వాత చక్కెరను కడిగేసి రేడియోధార్మిక ఎన్‌ఈఎం ఇచ్చేసరికి, అప్పటిదాకా రక్షణలో ఉన్న ఆ ఒక్క ప్రోటీనే ప్రధానంగా గుర్తు పొందింది. జన్యువును క్లోన్ చేసే పద్ధతులింకా లేని కాలంలో, వేల ప్రోటీన్ల మధ్య నుంచి ఒక్కదాన్ని ఇలా ఏరి చూపించడం ఎంత గొప్ప ఆలోచనో చూడండి. తరగతిలో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఉత్సాహం కలిగేది.

ఆ రక్షణ పొందిన అమైనో ఆమ్లం 148వ స్థానంలోని సిస్టీన్ అని తర్వాత తేలింది. ఎన్‌ఈఎం తగిలితే రవాణా ఆగిపోతోంది, చక్కెర దాన్ని కాపాడుతోంది, కాబట్టి రవాణాకు ఈ థయాల్ అత్యవసరమని చాలాకాలం అనుకున్నారు. 1980ల నడుమ ఆ సిస్టీన్‌ను తీసేసి గ్లైసీన్‌ను పెట్టి చూస్తే రవాణా ఆగలేదు. ఆపైన కాబాక్ బృందం పర్మియేజ్‌లో ఉన్న 8 సిస్టీన్‌లనూ తీసేసింది. అప్పుడు కూడా అది పనిచేసింది. 2003లో స్ఫటిక నిర్మాణం వచ్చినప్పుడు 148వ సిస్టీన్ చక్కెర కూర్చునే చోటికి దగ్గరగా కనబడింది. ఆ థయాల్ రవాణాలో పాలుపంచుకోవడం లేదు; దాని మీద చేరిన ఎన్‌ఈఎం చక్కెర చోటుకు అడ్డుపడుతోంది.

మీ గ్లట్-1 విషయం కూడా ఇంతే. అందులో ఉన్న 6 సిస్టీన్‌లనూ మార్చేసినా గ్లూకోజ్ దాటుతుందని 1990లలోనే చూపించారు. కాబట్టి మొదటి వాక్యం నిలవదు. ఎన్‌ఈఎం చర్య జరిపే చోటు ఏదో ఒకటి రవాణాకు అడ్డుపడగలిగినంత దగ్గరలో ఉందనో, అక్కడ జరిగిన చర్య ప్రోటీన్ ఆకారాన్ని కదలనివ్వడం లేదనో మాత్రమే మీ ఫలితం చెబుతుంది.

లక్నవరం

సార్, ధన్యవాదాలు. ఒక సందేహం. నీటిని దాటించే ఆక్వాపోరిన్-1 విషయంలో పాదరస సమ్మేళనాలు నీటి ప్రవాహాన్ని ఆపుతాయనీ, థయాల్ ఉన్న చిన్న అణువు మెర్కాప్టోఈథనాల్ ఇస్తే ప్రవాహం మళ్లీ వస్తుందనీ చదివాను. అక్కడ థయాల్ నిజంగానే అవసరమని అనుకోవచ్చా?

పాకాల

అక్కడ కూడా అదే కథ. ఆ ప్రోటీన్ నీటి మార్గమేనని 1992లో ఆగ్రే బృందం కప్ప అండాల్లో చూపించింది. ఆయనకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది ఈ పరిశోధనకే. పాదరసం అంటుకునేది 189వ సిస్టీన్‌కు. దాన్ని సెరీన్‌గా మార్చితే నీరు మామూలుగానే పోతుంది, పాదరసానికి మాత్రం లొంగదు. ఆ సిస్టీన్ నీటి దారి పక్కనే ఉంది కాబట్టి, దాని మీద కూర్చున్న పాదరసం దారిని మూసేస్తోందని అర్థం.

కాజీపేట జంక్షన్
(కర్బన రసాయనశాస్త్రం)

పాకాల గారు మొదటి వాక్యాన్ని విడమరిచారు. రెండో వాక్యం రసాయనశాస్త్రానికి సంబంధించినది కాబట్టి దాని గురించి నేను రాస్తాను.

డీటీఎన్‌బీ పనిచేయలేదంటే థయాల్ లోపలి వైపే ఉండాలని లేదు. ఈ కారకాలు ఏవైనా చర్య జరిపేది ముఖ్యంగా ప్రోటాన్ పోగొట్టుకున్న థయోలేట్ రూపంతోనే. నీటిలో స్వేచ్ఛగా ఉన్న సిస్టీన్ థయాల్ పీకేఏ (సగం థయాల్‌లు ప్రోటాన్ పోగొట్టుకునే పీహెచ్) 8.3 దగ్గర ఉంటుంది. అంటే పీహెచ్ 7.4లో పదో వంతు మాత్రమే థయోలేట్‌గా ఉంటుంది. అదే థయాల్ కొవ్వు పొరలో మునిగి ఉన్నా, దగ్గరలో గ్లూటమేట్ వంటి రుణావేశం ఉన్నా ఆ వంతు ఇంకా పడిపోతుంది. పక్కన లైసీన్ ఉంటే పెరుగుతుంది. కాబట్టి ఒక థయాల్ బయటి వైపే ఉండి కూడా డీటీఎన్‌బీకి దొరకకపోవచ్చు. పైగా డీటీఎన్‌బీకి రెండు రుణావేశాలున్నాయి, అణువూ పెద్దది. ఇరుకైన సందులో ఉన్న థయాల్ దగ్గరికి చిన్నదీ ఆవేశం లేనిదీ అయిన ఎన్‌ఈఎం పోగలిగినా, డీటీఎన్‌బీ పోలేకపోవచ్చు.

మరో అవకాశం కూడా ఉంది. డీటీఎన్‌బీ థయాల్‌తో చర్య జరిపి మిశ్రమ డైసల్ఫైడ్ ఏర్పరిచినా, ఆ చర్య రవాణాను ఆపకపోవచ్చు. చర్య జరగకపోవడం వేరు, జరిగినా ప్రభావం లేకపోవడం వేరు. మీరు కొలుస్తున్నది ప్రభావాన్నే కాబట్టి ఈ రెండింటినీ మీ ప్రయోగం విడదీయలేదు.

ఎన్‌ఈఎం వైపు కూడా ఒక లెక్క వేసి చూడండి. ఎర్రరక్తకణంలో గ్లూటాథయోన్ (థయాల్ ఉన్న చిన్న పెప్టైడ్) సుమారు 2 మిల్లీమోలార్ ఉంటుంది. హీమోగ్లోబిన్ సుమారు 5 మిల్లీమోలార్. ఒక్కో అణువులో బీటా గొలుసుల మీద 93వ స్థానంలో చురుకైన సిస్టీన్‌లు రెండుంటాయి కాబట్టి ఆ థయాల్‌లు 10 మిల్లీమోలార్. పది శాతం సస్పెన్షన్‌లో ఇవన్నీ కలిపితే 1.2 మిల్లీమోలార్ దగ్గర తేలుతుంది. మీరు ఇచ్చిన ఎన్‌ఈఎం 1 మిల్లీమోలారే. అంటే మీ ఎన్‌ఈఎంలో ఎక్కువ భాగాన్ని కణం లోపలి గ్లూటాథయోన్, హీమోగ్లోబిన్ తినేస్తున్నాయి. సస్పెన్షన్ పలచబడినా చిక్కబడినా గ్లట్-1కు అందే ఎన్‌ఈఎం మారిపోతుంది. కణాల గాఢతను మార్చి, ఎన్‌ఈఎంను అలాగే ఉంచి ఒకసారి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది.

రామప్ప
(అయాన్ చానళ్ల మీద పనిచేస్తాను, సొంతూరు ములుగు జిల్లా)

కాజీపేట గారి లెక్కకు ఒక్కటి కలుపుతాను. ఎన్‌ఈఎం ఎర్రరక్తకణాల్లో పొటాషియం-క్లోరైడ్ సహరవాణాను ప్రేరేపిస్తుందన్నది పాతికేళ్లకు పైగా అందరికీ తెలిసిన విషయం. ఆ దారి తెరుచుకుంటే పొటాషియం, క్లోరైడ్‌లతో పాటు నీరు కూడా బయటికి పోయి కణం కుంచించుకుపోతుంది. లక్నవరం గారు వాడుతున్న పద్ధతి కొలిచేది కణం ఘనపరిమాణాన్నే. కాబట్టి గ్లూకోజ్ నింపని కణాలకు కూడా అదే ఎన్‌ఈఎం ఇచ్చి, అంతే సేపు కలరీమీటర్ రీడింగ్ ఎటు జరుగుతుందో చూడనిదే అసలు ప్రయోగం లెక్కలోకి రాదు.

ఇక థయాల్ ఏ వైపున ఉందో నిర్ణయించడానికి వాడే పద్ధతుల గురించి. చానళ్ల వాళ్లం 1992 నుంచీ సిస్టీన్ స్కానింగ్‌ను నమ్ముకున్నాం. అకబాస్, కార్లిన్ బృందం ఎసిటైల్‌కోలిన్ గ్రాహకంలో ఒక్కో అమైనో ఆమ్లాన్నీ వరుసగా సిస్టీన్‌గా మార్చి, మీథేన్‌థయోసల్ఫోనేట్ కారకాలు దేన్ని తాకగలవో చూసి చానల్ గోడను గీసింది. స్ఫటిక నిర్మాణాలు రాకముందే చానల్ లోపలి రూపం మనకు తెలిసింది ఈ దారిలోనే. ఈ కారకాల్లో ఎంటీఎస్ఈటీకి ఎప్పుడూ ధనావేశం ఉంటుంది, ఎంటీఎస్ఈఎస్‌కు రుణావేశం. ఎంటీఎస్ఈఏ మాత్రం కొంత భాగం ఆవేశం లేని రూపంలో ఉండి త్వచాన్ని దాటేస్తుంది. పేరు దగ్గరగా ఉంది కదా అని దీన్ని బయటి వైపు ప్రోబ్‌గా వాడి తీర్మానాలు రాసిన వాళ్లున్నారు. దాటే అవకాశాన్ని మినహాయించే ఏర్పాటు లేకుండా అలా రాయకూడదు.

మన ఊళ్లో ఈ కారకాలతో పనిచేసేవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పీహెచ్ 7.5లో, 20 డిగ్రీల చుట్టూ ఎంటీఎస్ఈటీ అర్ధాయువు 11 నిమిషాల దగ్గర, ఎంటీఎస్ఈఎస్‌ది 20 నిమిషాల దగ్గర ఉంటుంది. వరంగల్ ఎండాకాలంలో ఏసీ లేని గదిలో ఆ బఫర్ ఎంత వెచ్చగా ఉంటుందో చెప్పనక్కరలేదు. పొద్దున కలిపిన ద్రావణం మధ్యాహ్నానికి పనికిరాదు. పొడిని తూచి పెట్టుకుని, వాడే క్షణంలోనే నీటిలో కలపాలి. ఫ్రీజర్ నుంచి తీసిన సీసాను గది వేడికి వచ్చేదాకా మూత తీయకుండా ఉంచాలి, లేకపోతే గాలిలోని తేమ పొడి మీద చేరి దాన్ని నీరుగారుస్తుంది.

లక్నవరం

రామప్ప గారూ, సిస్టీన్‌లు మార్చిన ప్రోటీన్‌లు మా దగ్గర లేవు, తయారుచేసుకునే వసతి కూడా లేదు. కలరీమీటర్, స్పెక్ట్రోఫోటోమీటర్, శీతల సెంట్రిఫ్యూజ్, మామూలు జెల్ సామగ్రి మాత్రం ఉన్నాయి. డీటీఎన్‌బీ అసలు చర్య జరిపిందో లేదో 412 నానోమీటర్ల దగ్గర శోషణం చూసి లెక్కించవచ్చా?

ఎల్గందుల
(ప్రయోగశాల నిర్వహణ, కరీంనగర్)

లెక్కించవచ్చు కానీ, కణాలు పగలకుండా ఉన్న సస్పెన్షన్‌లో వద్దు. ఆక్సీహీమోగ్లోబిన్ తన గరిష్ఠ శోషణాన్ని చూపేది 415 నానోమీటర్ల దగ్గర. డీటీఎన్‌బీ నుంచి విడుదలయ్యే పసుపు రంగు పదార్థాన్ని మీరు చూడబోయేది 412 దగ్గర. ఏ కొద్ది కణాలు పగిలినా ఆ ఎరుపు మీ పసుపును మింగేస్తుంది. కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దించేసి పైనున్న ద్రవాన్ని చూసినా, దానితో పాటు డీటీఎన్‌బీ తగలని కణాల ద్రవాన్ని కూడా తప్పనిసరిగా చూడాలి.

ఇంతకన్నా మంచిది తెల్లని ఘోస్ట్‌లు, అంటే హీమోగ్లోబిన్ పోయి త్వచం మాత్రమే మిగిలిన కణాలు, తయారుచేసుకోవడం. డాడ్జ్, మిచెల్, హనహన్‌లు 1963లో చెప్పిన పద్ధతిలో, పలచని ఫాస్ఫేట్ బఫర్‌లో, పీహెచ్ 7.4 దగ్గర, చల్లగా ఉంచి ఎరుపు పోయేదాకా కడగాలి. ఈ పని తెల్లవారుజామునే మొదలుపెడితే ఐస్ కరిగిపోకుండా గట్టెక్కుతుంది. తర్వాత ఘోస్ట్‌లకు డీటీఎన్‌బీ ఇచ్చి ఒక రీడింగ్, ఎస్‌డీఎస్ కలిపి ప్రోటీన్‌లన్నిటినీ విప్పాక మరో రీడింగ్ తీసుకోవాలి. మొదటిది అందుబాటులో ఉన్న థయాల్‌లు, రెండోది మొత్తం థయాల్‌లు. మోలార్ శోషణ గుణకం 14,150. పాత పుస్తకాల్లో 13,600 అని ఉంటుంది. ఎస్‌డీఎస్ ఉన్నప్పుడు ఈ విలువ కొంచెం మారుతుంది కాబట్టి, గ్లూటాథయోన్‌తో మీ బఫర్‌లోనే ప్రామాణిక రేఖ గీసుకుంటే నిశ్చింత. బఫర్‌లో 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉంచండి, లేకపోతే లోహపు అయాన్‌ల వల్ల థయాల్‌లు వాటంతటవే ఆక్సీకరణం చెందుతాయి. ట్రైటాన్, ట్వీన్ వంటి డిటర్జెంట్‌లు వాడదలిస్తే కొత్త సీసా తెరవండి. పాతబడిన వాటిలో పెరాక్సైడ్‌లు చేరి థయాల్‌లను తినేస్తాయి.

అయితే ఈ కొలత మొత్తం త్వచానిది. స్పెక్ట్రిన్ ఒక్కటే త్వచ ప్రోటీన్‌లలో పెద్ద వాటా, దాని నిండా సిస్టీన్‌లే. అందులో గ్లట్-1 వంతు ఎంతో ఈ అంకె చెప్పదు. డీటీఎన్‌బీ ఎక్కడో ఒకచోట చర్య జరిపిందని మాత్రం తెలుస్తుంది. ఘోస్ట్‌లను తూకం ప్రకారం సరిపోల్చడానికి లిపిడ్ ఫాస్ఫరస్‌ను ఫిస్కే, సుబ్బారావుల 1925 నాటి పద్ధతిలో కొలుచుకోవచ్చు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీదున్న ఆ రంగు పరీక్ష నేటికీ చిన్న ప్రయోగశాలలకు అండగా ఉంది.

పాకాల

ఎల్గందుల మేడం చెప్పిన జాగ్రత్తలు అక్షరాలా పాటించదగ్గవి. నా సూచన ఒకటే: ఫాక్స్, కెనడీల దారిలోనే, గ్లూకోజ్‌ను గానీ, గ్లట్-1కు అంటుకుని రవాణాను ఆపే సైటోకలాసిన్-బిని గానీ ఇచ్చి ఎన్‌ఈఎం నుంచి రక్షణ వస్తుందేమో చూడాలి. రక్షణ వస్తే ఆ థయాల్ గ్లూకోజ్ చోటు దగ్గరిదేనని రాసుకోవచ్చు.

రామప్ప

సార్, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేకపోతున్నాను. రక్షణ వచ్చినంత మాత్రాన చోటు దగ్గరిదని చెప్పలేం. లాక్టోజ్ పర్మియేజ్ మీదే కాబాక్ బృందం తర్వాత చేసిన పనిని చూడండి. చక్కెర అంటుకోగానే బయటి వైపున్న సిస్టీన్‌లు ఎన్‌ఈఎంతో ఎక్కువ వేగంగానూ, లోపలి వైపున్నవి తక్కువ వేగంగానూ చర్య జరిపాయి. ఆ సిస్టీన్‌లలో చాలావరకు చక్కెర చోటికి దూరంగా ఉన్నవే. ప్రోటీన్ ఒక వైపు తెరుచుకుని మరో వైపు మూసుకోవడం వల్ల వచ్చిన మార్పు అది. గ్లట్-1 కూడా అలా మలుపు తిరిగే వాహకమే కాబట్టి, సైటోకలాసిన్-బి దాన్ని ఒక భంగిమలో బిగించేస్తే దూరంగా ఉన్న థయాల్‌కు కూడా రక్షణ దొరకవచ్చు. 148వ సిస్టీన్ విషయంలో రక్షణ, సామీప్యం రెండూ కలిసి వచ్చాయి. అన్నిచోట్లా అలా కలిసి రావు.

పాకాల

ఒప్పుకోవలసిన మాట. రక్షణ ప్రయోగం చేయాలనే అంటాను, కానీ దాని నుంచి సామీప్యం మీద తీర్మానం రాయకుండా, ఎన్‌ఈఎం చర్య వేగం ప్రోటీన్ భంగిమ మీద ఆధారపడి ఉందని రాస్తే చాలు. ఆ మాటకు కూడా విలువ తక్కువేమీ కాదు.

కాజీపేట జంక్షన్

లక్నవరం గారి దగ్గరున్న పరికరాలతోనే చేయగలిగే ప్రయోగం ఒకటుంది, దాన్ని కొంచెం వివరంగా రాస్తాను. పాదరస సమ్మేళనమైన పీసీఎంబీఎస్‌కు సల్ఫోనేట్ రుణావేశం ఉంటుంది కాబట్టి కొద్దిసేపు, చల్లగా ఉంచి వాడితే ఎక్కువగా బయటి వైపునే పనిచేస్తుంది. గ్లట్-1లో బయటి నుంచి దీనికి దొరికేది 429వ సిస్టీన్ అని, దాన్ని మార్చేస్తే ఆ నిరోధం పోతుందని కప్ప అండాల్లో చూపించారు. పాదరసం పట్టు సిస్టీన్ ద్రావణంతో కడిగితే వదిలిపోతుంది. ఎన్‌ఈఎం కట్టే సమయోజనీయ బంధం అలా వదలదు. ఈ తేడాయే మనకు పనికొస్తుంది.

ముందుగా పీసీఎంబీఎస్ ఇచ్చి బయటి థయాల్‌ను కప్పండి. రవాణా మందగించిందని చూసుకున్నాక, మిగిలిపోయిన కారకాన్ని చల్లని బఫర్‌తో కడిగేసి ఎన్‌ఈఎం ఇవ్వండి. తర్వాత ఎక్కువ పరిమాణంలో సిస్టీన్ కలపండి. అది మిగిలిన ఎన్‌ఈఎంను ఖర్చు చేసేస్తుంది, పాదరసాన్ని కూడా లాగేస్తుంది. ఇప్పుడు రవాణా తిరిగి వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. తిరిగి వస్తే, ఎన్‌ఈఎం తాకి ఉండే చోటును పీసీఎంబీఎస్ కాపాడిందన్నమాట, అంటే ఎన్‌ఈఎం ప్రభావం బయటి థయాల్ ద్వారానే వస్తోంది. తిరిగి రాకపోతే, పీసీఎంబీఎస్ తాకని మరో చోట ఎన్‌ఈఎం పనిచేస్తోంది. పక్కన మూడు గొట్టాలు తప్పక నడపాలి: పీసీఎంబీఎస్ ఒక్కటే ఇచ్చి సిస్టీన్‌తో కడిగినది, ఎన్‌ఈఎం ఒక్కటే ఇచ్చి సిస్టీన్‌తో కడిగినది, సిస్టీన్ మాత్రమే తగిలినది. మొదటి గొట్టంలో రవాణా పూర్తిగా కోలుకోకపోతే ప్రధాన ప్రయోగాన్ని చదవకూడదు.

రామప్ప గారి భంగిమ అభ్యంతరం దీనికీ కొంత వర్తిస్తుంది, ఎందుకంటే బయటి వైపు పాదరసం కూర్చుంటే ప్రోటీన్ ఒక భంగిమలో ఆగిపోయి లోపలి థయాల్ కూడా దాగవచ్చు. అందుకే రవాణా తిరిగి రాకపోతే వచ్చే తీర్మానం గట్టిది, తిరిగి వస్తే వచ్చేది దానికన్నా బలహీనమైనది.

ఎల్గందుల

పీసీఎంబీఎస్‌ను ఎక్కువసేపు ఉంచితే ఆనయాన్‌లు పోయే దారిలో నెమ్మదిగా లోపలికి చేరుతుంది, సోడియం, పొటాషియంలు కారడం కూడా మొదలవుతుంది. కణాలు పగలడం కనబడితే ఆ గొట్టాన్ని లెక్క నుంచి తీసేయండి. చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. కడిగిన ద్రవాలన్నిటినీ, సిస్టీన్ కడుగును కూడా, పాదరసం అని రాసిన సీసాలోనే పోయాలి. అది నిండాక ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకే అప్పగించాలి. సింక్‌లోకి చుక్క కూడా పోకూడదు.

లక్నవరం

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గ్లూకోజ్ నింపని కణాలకు ఎన్‌ఈఎం ఇచ్చి ఘనపరిమాణం ఎటు మారుతుందో మొదట చూస్తాను. తర్వాత కణాల గాఢత మార్చి చూడటం, ఆపైన కాజీపేట గారు చెప్పిన వరుస. పాత రెండు వాక్యాలూ తీసేసి ఇలా రాసుకున్నాను: "ఎన్‌ఈఎం గ్లట్-1 ద్వారా గ్లూకోజ్ నిష్క్రమణను మందగింపజేసింది, ఇదే గాఢతలో డీటీఎన్‌బీ వల్ల ఇటువంటి ప్రభావం కనబడలేదు. ఈ తేడాకు కారణం థయాల్ ఉన్న స్థానం కావచ్చు, దాని పరిసరాలు కావచ్చు, లేదా డీటీఎన్‌బీ చర్య రవాణాకు అడ్డుపడనిది కావచ్చు."

పాకాల

బాగుందమ్మా. "గ్లట్-1 ద్వారా" అన్న మాటను ప్రస్తుతానికి తీసేసి, "ఎర్రరక్తకణాల నుంచి" అని పెట్టండి. ఘనపరిమాణం పరీక్ష పూర్తయ్యాక, సైటోకలాసిన్-బి ఇచ్చినప్పుడు ఆగిపోయే భాగాన్ని విడిగా కొలిచాక, ఆ మాటను మళ్లీ చేర్చుకోవచ్చు.